గురవయ్య వీపు, సర్రు బూట్లు

నువ్వు నమ్మవు. నమ్మవని నీ మొహం చూస్తేనే తెలిసిపోతోంది. అయినా నా కళ్ళ మీద ఒట్టేసి చెప్తున్నా, ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే ఈ నాలిక ఇక్కడే ఊడిపడాలి. పడిందా? పడలేదు కదా. మరి నోరు మూసుకుని విను.

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఏదో మీ ఊరి తోపు అనుకునేవు, ఈ చివర కోయిల కూత పెడితే ఆ చివర దాని మనవరాలు బదులు పలికేది, అంత పెద్ద అడవిలో, గురవయ్య అని ఒక ఏదుపంది ఉండేవాడు.

ఏదుపందిని చూశావా ఎప్పుడైనా? ఒంటి నిండా జానెడేసి ముళ్ళు. కోపమొస్తే ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గలగలమంటాయి. వెనక్కి తిరిగి నిలబడ్డాడంటే ఎంతటి మొనగాడైనా దణ్ణం పెట్టి పక్క దారిన పోవాల్సిందే. ఆ అడవిలో చిరుత ఉండేవాడు. అందరూ దొరగారూ అనేవాళ్ళు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒకసారి గురవయ్య మీదికి దూకి, ముక్కులో ముల్లు దింపించుకున్నాడు. అప్పట్నించీ గురవయ్య కనిపిస్తే దొరే తప్పుకుని, "బాగున్నావా గురవయ్యా" అని మర్యాదగా పలకరించి పోయేవాడు. గురవయ్య మర్యాదంతా వీపు మీదే ఉండేదన్నమాట. ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ అడిగితే చెప్పను.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ అడవికి పేపరు లేదు. పేపరు ఎందుకు, మడుగు ఉండగా? అందరూ నీళ్ళకి ఆ మడుగుకే వస్తారు. ఒడ్డున మెత్తటి మట్టి. పొద్దున్నే జంతువులన్నీ వచ్చి ఆ మట్టిలో అడుగులు చదువుకునేవి. ఎవరొచ్చారు, ఎటు పోయారు, ఎవరికి కాలు బెణికింది, ఎవరు కడుపుతో ఉన్నారు, ఎవరి పక్కన ఎవరు నడిచారు, అన్నీ అందులోనే. దొరగారి పంజా గుర్తు తడిగా ఉందంటే లేళ్ళు ఆ పూట నీళ్ళు మానేసేవి. ఎండ పొడ మట్టి మీద పడేదాకా ఒకరి అడుగు మీద ఇంకొకరు అడుగు వెయ్యకూడదని కట్టుబాటు. పేపరు చదవకుండా చింపకూడదు కదా, అలాగ.

ఆ పేపరు చదవడంలో గురవయ్య పెళ్ళాం నూకాలు ఘటికురాలు. "ఎలుగుబంటి పెసిడెంటు గారు నిన్న రాత్రి తేనె తాగేసి ఇటే పోయారు, అడుగు చూడు, ఒంకర టింకర" అని ఒక్క చూపులో చెప్పేసేది.

సరే. ఒకనాడు గురవయ్య కాల్లో ముల్లు దిగింది. నవ్వకు. ఒంటి నిండా ముళ్ళున్నోడికి కాల్లో ముల్లు దిగింది. కుంటుకుంటూ ఇంటికొస్తే నూకాలు పడీ పడీ నవ్వింది.

"సొంత ముళ్ళు చాలక అరువు ముల్లు కూడా తెచ్చుకున్నావా మావా?"

గురవయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. మద్ది చెట్టు బెరడు కోసుకొచ్చాడు, అడుక్కి వేశాడు. లోపల బూరుగు దూది కూరాడు. నారతో కుట్టాడు, సూది సొంతదే కదా, వీపు మీంచి లాగడమే. తుమ్మ జిగురుతో అతికాడు. తొడుక్కుని మడుగు ఒడ్డు మీద నడిచాడు. ఆ బెరడు గరుకు ఎలాంటిదంటే బురదలో పెట్టినా, పాకుడు రాయి మీద పెట్టినా, కాలు మేకు కొట్టినట్టు నిలబడింది. పని తెలిసినోడు కదా మరి! తన పని తనే చూసుకుని మురిసిపోయాడు.

అది చూసి చెంగమ్మ వచ్చింది. చెంగమ్మ అంటే లేడి. ఏటేటా అడవిలో జరిగే పరుగు పందెంలో ఎప్పుడూ తనే ముందుండేది. గిట్ట చీలింది పాపం.

"బాబాయ్, నాకూ ఒక జత కుట్టిపెట్టవూ? దొరగారు ఈమధ్య నా వైపు అదోలా చూస్తున్నారు."

కుట్టిపెట్టాడు. మర్నాడు దొర చెంగమ్మని తరిమాడు. చెంగమ్మ ఎలా పరిగెత్తిందంటే, అడవి ఆ చివర తను ఆగి, నీళ్ళు తాగి, ఒక కునుకు తీశాక గానీ తన నీడ తన దగ్గరికి చేరలేదు. కాదంటావా? నువ్వున్నావా అక్కడ? మరి ఊరుకో.

సాయంత్రానికి దొర రొప్పుకుంటూ గురవయ్య ఇంటి ముందుకొచ్చాడు. ముక్కు మీద పాత మచ్చ తడుముకుంటూ దూరంగానే నిలబడ్డాడు.

"గురవయ్యా, ఇది న్యాయంగా ఉందా? దానికి కుట్టి నాకు కుట్టవా? నాకు పిల్లలు లేరా, కడుపు లేదా?"

సరిగ్గా అప్పుడే చెట్టు మీంచి ఒక గొంతు, "కుట్టు అన్నాయ్! తప్పకుండా కుట్టు! యాపారానికి పగా ప్రేమా ఏంటి?" అంది.

దిగొచ్చినవాడు పరదేశి. ఉడుము. పట్నంలో బూట్ల కొట్టు ఒకదాని కప్పు మీద రెండు ఎండాకాలాలు పడుకుని వచ్చాడు. ఆ చదువు చాలని తన పేరు ముందు మేనేజరు అని తనే పెట్టుకున్నాడు. ఉడుంపట్టు సంగతి తెలుసుగా? కోట గోడని పట్టినా, గురవయ్యలాంటోణ్ణి పట్టినా వదలదు.

"పారిపోయేవాళ్ళకీ అమ్ముదాం, పట్టుకునేవాళ్ళకీ అమ్ముదాం. లేడి కొంటే చిరుత కొనక తప్పదు, చిరుత కొంటే లేడి కొనక తప్పదు. నువ్వు కుట్టుకుంటూ కూర్చో. బూటు పేరు సర్రు!" అన్నాడు పరదేశి.

"సర్రు అంటే?"

"సర్రుమని పోవడం. పట్టాలన్నా సర్రే, జారుకోవాలన్నా సర్రే!"

ఇంకా ఏమన్నాడంటే, బూటు బూటుకీ ముందు వైపు ఒక నిజమైన ఏదుముల్లు గుచ్చాలి. అడుగున ముల్లూ చుక్కా గుర్తు చెక్కాలి. "ముల్లు లేని బూటు సర్రు కాదు. నకిలీ ఎవడు చేస్తాడో చూద్దాం."

"ముళ్ళెక్కణ్ణించి వస్తాయి?" అంది నూకాలు.

పరదేశి గురవయ్య వీపు వైపు చూశాడు. తోటలో కాపు చూసినట్టు చూశాడు.

అంతే, మొదలైంది. అబ్బో, ఏం మొదలవడం! దుప్పులు కొన్నాయి, రేచుకుక్కలు కొన్నాయి, కుందేళ్ళు పిల్లలకి రెండు సైజులు పెద్దవి కొన్నాయి, ఎదుగుతారు కదా అని. జెర్రి తనకున్న పుట్ట అమ్ముకుని కొనుక్కుంది, అయినా వెనక కాళ్ళకి చాలలేదు. పాముకి కాళ్ళే లేవు. అయినా ఒక జత కొని పుట్ట గుమ్మం ముందు పెట్టుకుంది, లోపల ఎవరో కాళ్ళున్న చుట్టాలు దిగారని నలుగురూ అనుకోవాలని. సర్రు బూటు లేనోడికి పిల్లనివ్వం అన్నారు అడవిపందులు.

లేళ్ళ వేగం పెరిగింది. చిరుతల వేగమూ పెరిగింది. దొరికే లేడి దొరుకుతోంది, తప్పించుకునే లేడి తప్పించుకుంటోంది. అంతా మునుపట్లాగే ఉంది. ఆయాసమొక్కటే ఎక్కువైంది.

అది చూసి నూకాలు అడిగింది. "ఎవరు గెలిచినట్టు మావా?"

"నేను!" అన్నాడు గురవయ్య, ఇంకో ముల్లు లాగుతూ.

పరుగుల సంఘానికి పెసిడెంటు జాంబయ్య. ఎలుగుబంటి. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పరిగెత్తి ఎరగడు, అందుకే ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. పరదేశి ఆయన ఇంటికి ఒక తేనెపట్టు పంపించాడు. మర్నాడు జాంబయ్య మూతి నాక్కుంటూ ప్రకటించాడు:

"సర్రు బూట్లు శాస్త్రీయంగా పరీక్షించితిమి. చాలా తియ్యగా... అదే, చాలా బలంగా ఉన్నవి. ఇక నుంచి సర్రు లేనివారు పందెంలో పాల్గొనరాదు."

గురవయ్యకి సన్మానం కూడా చేశారు. అడ్డాకులు కుట్టిన పెద్ద శాలువా కప్పారు. మెడ నుంచి తోక దాకా కప్పేసింది. అది కప్పుకున్న రోజు గురవయ్య ఏడ్చినంత పని చేశాడు. ఎందుకంటావా? ఆనందం సగం. రెండో సగం ఏంటంటే, శాలువా కింద ఆయన వీపు సగానికి పైగా బోడైపోయింది. ఏదుముల్లు ఊడితే మళ్ళీ మొలుస్తుంది గానీ, మొలవడానికి దాని తీరిక దానికి కావాలి. అడవంతా వరసలో నిలబడి అడుగుతుంటే దానికి తీరికేదీ?

నూకాలు మాత్రం తన ఒంటి మీద ముల్లొక్కటీ ఇవ్వలేదు. పరదేశి వచ్చి, "వదినా, కంపెనీ మనందరిదీ కదా" అన్నాడు.

"కంపెనీ అందరిదీ. వీపు నాది" అంది నూకాలు. వెనక్కి తిరిగి గలగలలాడించింది. ఉడుము ఎక్కిన చెట్టు మూడు రోజులు దిగలేదు.

ఆ తర్వాత మొగుణ్ణి పట్టుకుంది. "ఒంటి మీది కత్తులు ఊడబెరికి ఊరికి పంచిపెడుతున్నావు. రేపు దొర మీదికొస్తే ఏం చూపిస్తావు? బూటు చూపిస్తావా?"

"దొర మన మనిషే! మన బూటు తొడుక్కుని చెట్టు చెట్టుకీ తిరిగి మన పేరే చెప్తున్నాడు. ఆయనకి జీవితాంతం బూట్లు ఊరికే ఇస్తామని ఒప్పందం. ఇంక మనకి భయమేంటి?"

"ఒప్పందం ఆయన కాళ్ళతో. పళ్ళతో కాదు" అంది నూకాలు.

వినలేదు. పేరు వినపడే చెవులకి ఇంకేదీ వినపడదు.

ఇదిగో, ఇప్పుడు మడుగు దగ్గరికి రా. గుర్తుపెట్టుకోమన్నాను కదా. అడవంతా సర్రు తొడిగాక పొద్దున్నే పేపరు చదవడానికొస్తే ఏముంటుంది? ముల్లూ చుక్కా, ముల్లూ చుక్కా, ముల్లూ చుక్కా. లేడిదీ అదే, చిరుతదీ అదే. పేపర్లో వార్తలన్నీ తీసేసి మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా ఒకే కంపెనీ ప్రకటన వేసినట్టుంది.

గురవయ్య ఆ ఒడ్డున నిలబడి గుండె పొంగించుకున్నాడు. "చూశావా నూకాలూ? మడుగు చుట్టూ నా పేరే!"

"నీ పేరే ఉంది మావా. దొర ఎక్కడున్నాడో మాత్రం లేదు."

అల్లరైపోయింది అడవి. ఒక కుందేలు పక్కనెవరో నీళ్ళు తాగుతుంటే మొహం చూడకుండా, "బావున్నావా వదినా" అని తల వంచుకునే అరగంట కబుర్లు చెప్పి, తల ఎత్తి చూస్తే తోడేలు. ఆ తోడేలు ఎందుకు తినలేదంటే, కబుర్లు మంచి పట్టు మీదున్నాయి. దొరగారు మూడు కొండలు దాటి ఒక అడుగుజాడ పట్టుకుని, ఆహా బలిసిన లేడి అని పొదలోంచి దూకితే, ఎదురుగా ఏనుగు పిర్ర. ఏనుగు వెనక్కి తిరిగి కూడా చూడలేదు, ఏదో ఈగ అనుకుంది.

దొరకి ఆకలి పట్టుకుంది. అడుగులు తెలియవు, ఒకవేళ దొరికినా పంజా బూటు లోపలుంది, లేడి బూటు బయటుంది. గోళ్ళెక్కడ దింపుతాడు? సంఘానికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"పెసిడెంటు గారూ, నాకు పంజా కనపడి ఎన్నాళ్ళైందో. ఈ బూట్లు విప్పేసుకుంటాను."

"విప్పుకో" అన్నాడు జాంబయ్య పెద్దమనిషి తరహాగా.

విప్పాడు. నేల మీద కాలు పెట్టాడు. "అబ్బా!" అని గెంతాడు. దూదిలో పెరిగిన అరికాలు పసిపిల్ల బుగ్గలా అయిపోయింది. గడ్డిపరక తగిలినా చురుక్కుమంటోంది. మళ్ళీ తొడుక్కున్నాడు. దొర ఒక్కడే కాదు, అడవిలో అందరి కాళ్ళూ అంతే. విప్పలేరు, కొనక మానలేరు.

"చూశావా అన్నాయ్! ఇంక వీళ్ళు మనల్ని వదల్లేరు" అన్నాడు పరదేశి.

ఈలోపు మద్ది బెరడు అయిపోయింది. ఉన్న చెట్లన్నీ ఒలిచేశారు. గురవయ్య తల పట్టుకున్నాడు. "బెరడు మళ్ళీ కట్టేదాకా ఆగుదాం" అన్నాడు.

"ఆగితే పేరు ఆగుతుంది" అన్నాడు పరదేశి. "అరటి దొప్ప వేద్దాం."

"అరటి దొప్పా? ఛీ! అది తడిస్తే జారిపోతుందిరా! నా బూటు బురదలో మేకులా నిలబడుతుంది. అదే నా పనితనం."

"అన్నాయ్, నీ పనితనం చూసేదెవరు? అడుగు కింద ఉంటుంది కదా అది! దొప్ప చూడు, నున్నగా, తెల్లగా తళతళలాడుతుంది. మైనం రుద్దితే మొహం కనపడుతుంది. పైగా మెత్తగా ఉంటుంది కాబట్టి నీ గుర్తు ఇంకా లోతుగా చెక్కుకోవచ్చు. మట్టిలో ఎంత స్పష్టంగా పడుతుందో ఆలోచించు."

అక్కడ పడిపోయాడు గురవయ్య. గుర్తు బాగా పడుతుందన్న మాటకి పడిపోయాడు. ఆ రాత్రి బెరడు కోసే చెయ్యి దొప్ప కోసింది. కోసేటప్పుడు నూకాలు వైపు చూడలేదు.

కొత్త రకానికి సర్రు మెరుపు అని పేరు పెట్టారు. అడవంతా ఎగబడి కొంది. వారానికి అడుగు ఊడింది. "ఇదేంటి బాబాయ్, వర్షం పడితే పులుసైపోతోంది?" అని చెంగమ్మ వచ్చింది. గురవయ్య నోరు తెరిచేలోపే పరదేశి అందుకున్నాడు.

"అమ్మా, పాతవి మన్నేవి. మన్నిన బూటు పాతబడుతుంది. ఇవి పాతబడకముందే పోతాయి. అంటే నీ కాళ్ళకి ఎప్పుడూ కొత్తవే!"

చెంగమ్మ అటు తిరిగి ఆలోచించి, ఇటు తిరిగి ఇంకో జత కొనుక్కుని పోయింది. చదువుకున్నోడి మాట అలా ఉంటుంది.

అంతలో ఏటి పందెం వచ్చింది. మడుగు పక్క మైదానంలో గీత గీశారు. వెదురుతో వేదిక కట్టారు. జాంబయ్య గారికి కుర్చీ, కుర్చీ పక్కన తేనె. అడవంతా సర్రు మెరుపులు తొడుక్కుని వరసలో నిలబడింది.

గురవయ్య తెల్లారకుండానే లేచాడు. సన్మానం నించీ బయటికెళ్ళినప్పుడల్లా కప్పుకునే ఆ ఆకుల శాలువా కప్పుకున్నాడు. అప్పటికి వీపు మీద ఎన్ని ముళ్ళు మిగిలాయంటావు? ఒక్కటీ లేదు. నున్నటి గుమ్మడికాయ. శాలువా కింద అది ఉందని నూకాలుకీ పరదేశికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"నేనూ వస్తానుండు మావా" అంది నూకాలు.

"నువ్వెందుకు? మట్టిలో నా గుర్తు ఎలా పడిందో ఒకసారి చూసుకుని, వేదిక మీదికి వెళ్ళిపోతాను."

ఒక్కడే మడుగు దగ్గరికి పోయాడు. తడి మట్టి. కొత్త దొప్ప అడుగులు అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. ముల్లు ఎంత సన్నగా, చుక్క ఎంత గుండ్రంగా! "ఆహా" అనుకున్నాడు. ఒక వరస అడుగులు మరీ లోతుగా, మరీ అందంగా ఉన్నాయి. "ఎవరో మంచి ఖాతాదారు, ఎంత నిమ్మళంగా వేశాడో అడుగు" అనుకుంటూ, ముక్కు నేలకి ఆనించి ఒక్కో గుర్తూ చూసుకుంటూ, మెచ్చుకుంటూ, వాటి వెంటే నడుచుకుంటూ పోయాడు.

చూడు ఎంత చిత్రమో! ఏ ఏదుపందైనా చిరుత పంజా గుర్తు చూస్తే అటు పోడు. సొంత పేరు కనపడింది కాబట్టి పోయాడు.

చివరి గుర్తు ఒక పొద దగ్గర ఆగింది. పొదలోంచి రెండు కళ్ళు.

"దణ్ణం గురవయ్యా" అన్నాడు దొర. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, అలా ఉన్నాడు. "బాగా ఆకలిగా ఉంది."

"దొరా! మన మధ్య ఒప్పందం..."

"ఉంది. బూట్లు నువ్విస్తావు. తిండి ఎవరిస్తారో అందులో లేదు."

గురవయ్య తాత ముత్తాతల నాటి పని చేశాడు. గిరుక్కున వెనక్కి తిరిగి వీపు చూపించి ఒళ్ళు విదిల్చాడు. గలగలమనాలి. ఏదీ? ఎండుటాకుల చప్పుడు. విదిలింపుకి శాలువా జారి కింద పడింది.

దొర ఒక్క క్షణం అలాగే చూసి నవ్వడం మొదలెట్టాడు. "ఓరినీ! నువ్వేనా ఇది? ఇన్నాళ్ళూ నేను దణ్ణం పెట్టింది ఈ ఒలిచిన పనసతొనకా?"

గురవయ్య కాళ్ళు నేలకి అంటుకుపోయాయి. ఆయన తొడుక్కున్నవి మాత్రం తన పాత బెరడు బూట్లే, మొట్టమొదట కుట్టుకున్నవి. జారితేనన్నా పక్కకి పడేవాడేమో. అవి మేకు కొట్టినట్టు నిలబెట్టేశాయి. కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే కనపడింది ఏంటో తెలుసా? పేరు కాదు. నూకాలు.

దొర వెనక కాళ్ళు బిగించి దూకాడు.

దూకాడు అన్నానా? దూకబోయాడు. దూకాలంటే కాలు నేలని తన్నాలి. కాలి కింద అరటి దొప్ప. దొప్ప కింద తడి మట్టి. పైగా మైనం రుద్దిన దొప్ప! దొర పైకి లేవాల్సినోడు అడ్డంగా పోయాడు. సర్రుమని పోయాడు! గురవయ్య మీసం పక్కనించి, ఒడ్డు మీదుగా, మైదానంలోకి, పందెం గీత దాటి, వరసలో నిలబడ్డ లేళ్ళ కాళ్ళ మధ్యనించి, నిటారుగా వెళ్ళి వేదిక గుంజకి గుద్దుకున్నాడు. వేదిక కూలింది. జాంబయ్య గారు ఒళ్ళో తేనెకుండతో సహా దొర వీపు మీద కూర్చున్నారు. ఇద్దరూ కలిసి మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఆ అడవి పందేల చరిత్రలో అంత వేగంగా చుట్టు తిరిగినవాళ్ళు ఇప్పటికీ లేరు. మొదటి బహుమతి ఎవరిదని తర్వాత పెద్ద గొడవైంది.

"చిరుత! చిరుత!" అని ఎవరో అరిచారు. అందరూ పరిగెత్తబోయారు. పరిగెత్తితేగా? అందరి కాళ్ళ కిందా అదే దొప్ప. లేడి మీద తోడేలు, తోడేలు మీద దుప్పి, దుప్పి మీద అడవిపంది, తిరునాళ్ళలో బెల్లం మీద ఈగల్లా ఒకే కుప్ప. తినాల్సినోడూ తినబడాల్సినోడూ ఒకరి చెవి ఒకరు పట్టుకుని లేవబోయి మళ్ళీ పడ్డారు. కొందరు బూట్లు పీకి పారేశారు. అరికాళ్ళు లేతవి కదా, "అబ్బా, అమ్మా" అంటూ ఒంటికాలి మీద గెంతారు. దొరగారు కూడా గెంతారు. ఆ రోజు ఎవరూ ఎవర్నీ తినలేదు. తినడానికి నిలబడాలి కదా!

మధ్యాహ్నానికి సర్రు అన్న పేరు వింటే ఉమ్మేస్తున్నారు. సాయంత్రానికి బూట్లు చేత్తో పట్టుకుని గురవయ్య ఇంటి మీదికి దండెత్తి వచ్చారు. గుమ్మంలో నూకాలు అటు తిరిగి నిలబడి ఉంది. ఒంటి మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, ఒక్కటి తగ్గకుండా.

"ఎవరు ముందొస్తారు?" అంది.

ఎవరూ ముందు రాలేదు. బూట్లు మాత్రం దూరంనించే విసిరి పోయారు. ఇంటి ముందు గుట్ట పడింది. తర్వాత అందులో ఎలుకలు కాపురాలు పెట్టాయి.

గుమ్మం లోపల గురవయ్య బోడి వీపు గోడకానించి కూర్చున్నాడు.

"నా మాట వినకుండా దొప్ప వేయించాడు నూకాలూ వాడు. నా బెరడు అడుగే ఉండుంటే ఇంత పరువు పోయేది కాదు. నా పనికి ఎవరు వంక పెట్టేవాళ్ళు?"

నూకాలు వెనక్కి తిరక్కుండానే అంది. "నీ బెరడు అడుగే ఉండుంటే దొర కాలు జారేదే కాదు మావా. ఈపాటికి నువ్వు ఆయన కడుపులో కూర్చుని పరువు లెక్కపెట్టుకునేవాడివి."

గురవయ్య ఆలోచించాడు. ఎటు తిప్పి ఆలోచించినా అదే తేలింది. చేసినన్నాళ్ళూ ప్రాణం పెట్టి చేసిన సరుకు ప్రాణం తీసేది. సిగ్గుపడుతూ చేసిన సరుకు నిలబెట్టింది. అంతకంటే అవమానం ఆయనకి దొర నవ్వినప్పుడు కూడా అవలేదు.

తర్వాత ఏమైందంటావా? ఏమవుతుంది, పరదేశి ఉన్నాడుగా. నెల తిరక్కుండా ఉత్తకాలు అని కొత్త కంపెనీ తెరిచాడు. "బూట్లు విషం! అరికాలే అమృతం! మన తాతలు ఏం తొడుక్కున్నారు?" అంటూ, బూట్లు లేకుండా నడవడం నేర్పే బడి పెట్టాడు. మడుగు ఒడ్డు మట్టినే ఆకుల్లో పొట్లాలు కట్టి, కాళ్ళకి రాసుకోండని అమ్మాడు. జాంబయ్య గారు శాస్త్రీయంగా పరీక్షించి, తియ్యగా ఉందన్నారు. మొట్టమొదటి పొట్లం ఎవరు పట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగాడో చెప్పు? దొరగారే! జీవితాంతం మట్టి ఊరికే ఇస్తామని ఒప్పందం.

వచ్చి గురవయ్యని కూడా అడిగాడు. "అన్నాయ్, పొట్లం పొట్లానికీ ఒక ముల్లు..."

అప్పటికి గురవయ్య వీపు మీద కొత్త ముళ్ళు వేలెడు లేచాయి. వెనక్కి తిరిగాడు అంతే. ఆ గలగల ఇంకా చిన్నదే గానీ, ఉడుముకి చాలింది.

ఒకరోజు పొద్దున్నే మొగుడూ పెళ్ళాం మడుగు దగ్గరికి పోయారు. మట్టిలో అడుగులున్నాయి. కుందేలుది కుందేలుదిలా, దుప్పిది దుప్పిదిలా. ఒక్కచోట కూడా ముల్లూ చుక్కా లేదు. గురవయ్య వెతికాడు, అబద్ధమెందుకు, ఒక్కటైనా ఉందేమోనని వెతికాడు. లేదు. అంతలో ఒక మూల కనపడింది, తడి ఆరని పెద్ద పంజా గుర్తు, నాలుగు వేళ్ళూ విడివిడిగా.

"నూకాలూ, దొర ఇప్పుడే వచ్చి వెళ్ళాడు. పద ఇంటికి" అన్నాడు.

చిరుత అడుగు చూసి ఒక ఏదుపంది మొహం అంత వెలిగిపోవడం ఆ అడవిలో అదే మొదలు, అదే ఆఖరు.

నీతి ఏంటంటే, నీ సరుకు కొనేవాళ్ళలో నిన్ను తినేవాడు కూడా ఉంటే, వాడి జత మాత్రం కాస్త నాసిగానే కుట్టు.

ఏంటా నవ్వు? అబద్ధమంటావా? అయితే పద, ఇప్పుడే పోదాం ఆ అడవికి. ఒక్క జంతువు కాళ్ళకి, ఏ ఒక్కదాని కాళ్ళకైనా సరే, బూట్లు చూపించు. చూపించలేవు! ఎందుకు లేవో నేను చెప్పాను. నా కథ అబద్ధమైతే మరి ఎందుకు లేవో నువ్వు చెప్పు చూద్దాం.